టీ సంగతి ఎవరూ అడగలేదు

మత్తు డాక్టరును ఎవరూ గుర్తుపెట్టుకోరు. కడుపు కోసిన సర్జన్‌కు దండం పెడతారు, కట్టు మార్చిన నర్సమ్మకు పళ్ళు తెచ్చిస్తారు. మేం వాళ్ళను నిద్రపుచ్చి, ఆపరేషన్ జరిగినంతసేపూ ఊపిరికి కాపలా కాసి, మళ్ళీ లేపుతాం. కళ్ళు తెరిచాక వాళ్ళు వెతికేది సర్జన్‌నే. ఏళ్ళ తర్వాత నడుం పట్టుకున్నప్పుడు మాత్రం మేం గుర్తొస్తాం. "ఆ పొద్దు వెన్నులో సూది ఏసినారు, అప్పట్నుంచే ఇట్లయింది" అంటారు.

నా ఉద్యోగమంతా కర్నూలు, కడప జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లోనే గడిచిపోయింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే, ఈ చదువులో కొత్తగా చేరిన పిల్లలు కొందరు వచ్చి, పుస్తకాల్లో లేనివి ఏమైనా రాసిపెట్టమన్నారు. ప్రమోషన్ల గురించి, బదిలీల గురించి రాయను. వాటి మీద నాకు విసుగు తప్ప ఇంకేం మిగల్లేదు. నేను రాయదలుచుకున్నది టీ గురించి. నవ్వాలనిపిస్తే ఇప్పుడే నవ్వేయండి, చివరికొచ్చాక నవ్వలేరు.

లెక్కలోకి రాని టీ

కర్నూల్లో మాకు మత్తు విద్య నేర్పిన ప్రొఫెసరమ్మ ఒకావిడ ఉండేది. పొట్టి మనిషి. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారుతూ ఉండేవి. ఎవరినీ మెచ్చుకునేది కాదు. "ఖాదర్, నీకు చేతులు బాగున్నాయి, చెవులే లేవు" అనేది నాతో. చాలాకాలం అది తిట్టనే అనుకున్నాను.

ఒకరోజు పత్తికొండ వైపు నుంచి టమోటా పండించే రైతు ఒకాయన హెర్నియా ఆపరేషన్‌కు వచ్చాడు. మత్తిచ్చే ముందు కడుపు ఖాళీగా ఉండాలి. లేకపోతే కడుపులోది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, మనిషి దక్కడం కష్టం. అందుకని నేను పద్ధతి ప్రకారం అడిగాను.

"ఏమైనా తిన్నావా పెద్దాయనా?"

"ఏం తినల్యా సార్. పరగడుపే."

"ఏమైనా తాగినావా?"

"నీళ్ళు గూడా ముట్టల్యా."

నేను సూది చేతిలోకి తీసుకున్నాను. ప్రొఫెసరమ్మ నన్ను పక్కకు జరిపి, ఆయన దగ్గర నిలబడి, "పొద్దున్నుంచి టీ ఎన్నిసార్లయింది?" అని అడిగింది.

"రెండుసార్లేమ్మా. ఆస్పత్రి కదా, ఇంగ ఎక్కువ తాగల్యా" అన్నాడాయన. తక్కువ తాగినందుకు మెచ్చుకోమన్నట్టు మా మొహాలు చూశాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. మన వైపు టీ తిండి కింద రాదు, తాగేదాని కిందా రాదు. ఒక్కపొద్దు ఉన్న ఆడవాళ్ళు పొద్దున్నుంచీ ఏమీ ముట్టలేదంటూనే నాలుగు గ్లాసుల టీ తాగుతారు, ఆ ఒక్కపొద్దు చెడదు. ఊపిరి ఎట్లా లెక్కకు రాదో టీ కూడా అంతే. ఆ రోజు ఆపరేషన్ ఆపేసి ఆయన్ను వార్డుకు పంపించారు. "తిన్నావా అని అడగొద్దు. టీ ఎప్పుడు తాగినావని అడుగు" అని ఆమె నాకు చెప్పింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను అట్లాగే అడిగాను.

కానీ ఆ పాఠం సగమే. టీ తాగి వస్తే ఏమవుతుందో మాకు చెప్పారు. రోజూ తాగే మనిషి చేత మానిపిస్తే ఏమవుతుందో మాకెవరూ చెప్పలేదు.

మా అమ్మ నొసటి గుడ్డ

ఆ రెండో సగం నాకు ఇంట్లోనే తెలిసి ఉండాల్సింది. మాది కర్నూలు పాతబస్తీ. రంజాన్ నెల మొదలైన మొదటి రెండు మూడు రోజులు మధ్యాహ్నమయ్యేసరికి మా అమ్మ నొసటికి గుడ్డ బిగించి కట్టుకొని, తలుపులు మూసిన గదిలో పడుకునేది. ఆవులింతల మీద ఆవులింతలు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే కసిరేది. మా నాయన అంగట్లో గిరాకీల మీద అరిచేవాడు. ఉపవాసం కదా, ఆకలికి తల నొస్తోందని అందరం అనుకునేవాళ్ళం. సాయంత్రం ఉపవాసం విడిచి, ఖర్జూరాలు తిని, టీ గ్లాసు పూర్తిచేసేలోపే అమ్మ తలకట్టు విప్పేసేది. నాలుగో రోజుకు ఏ నొప్పీ ఉండేది కాదు. ఆకలే కారణమైతే ఆ నొప్పి నెలంతా ఉండాలి కదా. ఆ ప్రశ్న నాకు చాలా ఆలస్యంగా తోచింది.

టీలో, కాఫీలో ఉండే కెఫీన్ రోజూ ఒంట్లో పడుతుంటే ఒళ్ళు దానికి అలవాటు పడుతుంది. తలలో రక్తనాళాలు దాని మీద ఆధారపడి సర్దుకుంటాయి. ఒక పూటో రోజో అది అందకపోతే అవి వదులై, తల పగిలిపోతున్నట్టు నొప్పి మొదలవుతుంది. దాంతోపాటు ఆవులింతలు, చిరాకు, కొందరికి వాంతులు. కాసింత టీ పడితే గంటలోపు పోతుంది. ఏమీ ఇవ్వకపోయినా కొన్నాళ్ళకు అదే తగ్గుతుంది. ప్రాణం తీసే జబ్బేమీ కాదు. కానీ అది ఏ జబ్బు వేషంలో వస్తుందో గుర్తుపట్టకపోతే దానివల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

సుబ్బరత్నమ్మ

కడప జిల్లాలో మగ్గాలున్న ఒక ఊళ్ళో పనిచేశాను. ఆస్పత్రి పేరు, ఊరి పేరు రాయను. సుబ్బరత్నమ్మ అక్కడి నేతకారుల ఇంటి మనిషి. ఆమె, భర్త ఓబులేసు చెరొక మగ్గం నేసేవాళ్ళు. యాభై దాటిన మనిషి, సన్నగా, చురుగ్గా ఉండేది. షుగర్ ఉంది. కుడికాలి బొటనవేలికి పుండు పడి చీము పట్టింది. గుంటలో కూర్చొని రెండు కాళ్ళతో చెక్కలు తొక్కుతూ నేసే పని కాబట్టి ఆ పుండు మానే దారి లేకపోయింది.

ముందు ఒక ఆపరేషన్ చేసి చీము తీసి శుభ్రం చేయాలి. నాలుగైదు రోజులు చూసి, ఇంకోసారి ఆ చెడిపోయిన వేలు తీసేయాలి. అంతే. వేలు పోతే కాలు దక్కుతుంది. ఈ సంగతి మా సూపరింటెండెంటు, ఆయనే సర్జన్, మొదటిరోజే వాళ్ళకు చెప్పాడు. వాళ్ళూ ఒప్పుకున్నారు.

మొదటి ఆపరేషన్‌కు వెన్నులో సూది వేసి నడుం కింద మొద్దుబారేట్టు చేసింది నేనే. అలవాటు ప్రకారం టీ ఎప్పుడు తాగావని అడిగాను. "నిన్న సందకాడ సార్, అంతే. అడిగి అడిగి సంపుతాండారు" అని నవ్వింది. మా ఆస్పత్రిలో ఒక పాడు అలవాటు ఉండేది. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో చూడకుండా, ఆ రోజు ఆపరేషన్ ఉన్నవాళ్ళందరినీ ముందురోజు రాత్రి నుంచే పస్తు పెట్టేవాళ్ళు. ఆమె వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ సాయంత్రమే నేను శిక్షణ కోసం కర్నూలుకు బయలుదేరాను.

నేను లేని రోజుల్లో జరిగింది నర్సమ్మల నోట తర్వాత తెలిసింది. ఆ సాయంత్రానికే ఆమెకు తలనొప్పి మొదలైంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. డ్యూటీ డాక్టరు కుర్రవాడు మంచివాడే, చదువుకున్నవాడే. వెన్నుసూది తర్వాత తలనొప్పి అనగానే అతనికి పుస్తకంలో పేజీ గుర్తొచ్చింది. కొందరికి సూది పడ్డ చోటు నుంచి వెన్నులోని నీరు కారి తల నొస్తుంది. "ఇది సూది వల్లొచ్చే నొప్పేనమ్మా, దిండు తీసేసి కదలకుండా పడుకో" అన్నాడు. అంతటితో ఊరుకోక, షుగర్ ఉంది కాబట్టి టీ కాఫీలు పూర్తిగా మానేయమన్నాడు. ఓబులేసు ఫ్లాస్కులో తెచ్చిన టీని వార్డు గుమ్మం దగ్గరే ఆపేశారు.

రోజు గడిచే కొద్దీ నొప్పి ఎక్కువైంది. అది సూది వల్లే అని డాక్టరే చెప్పాడు కదా. మళ్ళీ నాలుగు రోజుల్లో అదే సూది వేస్తారని ఆమెకు తెలుసు. మూడో రోజు పొద్దున ఎవరికీ చెప్పకుండా భార్యాభర్తలు ఆస్పత్రి నుంచి వెళ్ళిపోయారు.

బస్టాండులో తగ్గిన నొప్పి

నేను తిరిగొచ్చేసరికి ఆమె మంచం మీద ఇంకెవరో ఉన్నారు. సూపరింటెండెంటు కోపంగా ఉన్నాడు. "మీ సూదికి భయపడి పారిపోయింది, మీరే పోయి తెచ్చుకోండి" అన్నాడు. ఎగతాళికే అన్నాడు. నేను నిజంగానే వెళ్ళాను.

వాళ్ళ వీధిలో ప్రతి ఇంట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. సుబ్బరత్నమ్మ కట్టు కట్టిన కాలితోనే గుంటలో కూర్చొని ఉంది. నన్ను చూసి లేవబోయింది, వద్దన్నాను. ఓబులేసు కుర్చీ వేశాడు. నేను కూర్చునేలోపే అంగడి నుంచి టీ కెటిల్ వచ్చింది. వచ్చినవాడు ఎవరినీ అడగలేదు, మగ్గం పక్కన ఉన్న గ్లాసులు నింపి పక్కింటికి పోయాడు. నేను ఉన్న కాసేపట్లోనే ఇంకోసారి వచ్చాడు. నేసేవాళ్ళు లేచి వంటింట్లోకి పోతే పని ఆగుతుంది కాబట్టి టీయే మగ్గం దగ్గరికి నడిచొస్తుందని నాకు అప్పుడు అర్థమైంది. పొద్దున సద్దికి బదులు టీ. మధ్యాహ్నం ఆకలి చావడానికి టీ. సాయంత్రం చూపు మసకబారితే టీ. ఆమె ఎంత తాగుతుందో ఆమెకే తెలియదు.

"తలనొప్పి ఎట్లుండె? పడుకుంటే తగ్గిందా, కూచుంటే ఎక్కువైందా?" అని అడిగాను.

"పడుకున్యా అంతే, కూచున్యా అంతే సార్. తల రోట్లో ఏసి దంచినట్లే."

వెన్నులో నీరు కారి వచ్చే నొప్పి అట్లా ఉండదు. లేచి కూర్చుంటే చంపేస్తుంది, పడుకుంటే సర్దుకుంటుంది. తేడా చెప్పే ప్రశ్న ఇది ఒక్కటే. దాన్ని వార్డులో ఎవరూ అడగలేదు.

"ఆవులింతలు వచ్చినాయా?"

"అబ్బో. ఆవలిచ్చి ఆవలిచ్చి దవడలు నొచ్చినాయి."

"ఎప్పుడు తగ్గింది?"

ఈసారి ఓబులేసు అందుకున్నాడు. "ఆస్పత్రి నుంచి బయటపడినంక సార్. బస్టాండులో కూచోబెట్టి టీ తాగించినా. ఈడికొచ్చి బస్సు దిగేసరికి నొప్పి యాడికి పాయనో తెలీదు. ఆ గాలి పడల్యా ఆమెకు."

ఆయన నోటితోనే చెప్పాడు. చెప్పింది తనకే వినపడలేదు.

నేను మా అమ్మ సంగతి చెప్పాను. రంజాన్ మొదటి రోజులు, నొసటి గుడ్డ, సాయంత్రం టీ, అన్నీ. నొప్పి సూది వల్ల రాలేదని, టీ అందక వచ్చిందని, ఈసారి టీ ఏర్పాటు నేనే చూస్తానని చెప్పాను. సుబ్బరత్నమ్మ శ్రద్ధగా విన్నది. తర్వాత నవ్వింది.

"టీ తాగితే తలనొప్పి పోతాది సార్. అది మందు. నువ్వు మందునే రోగమంటాండావు."

"మందు కాదమ్మా. అది లేకనే నొప్పి వచ్చింది."

"మీ డాక్టరప్పే చెప్పె గదా, సూది నొప్పి అని. ఆయప్పా డాక్టరే, నువ్వూ డాక్టరే. ఎవరి మాట ఇనల్ల?"

తోటి డాక్టరు తప్పు చెప్పాడని రోగి ముందు అనకూడదన్నది మా వృత్తిలో ఒక మర్యాద. ఆ మర్యాద దాటి, "ఆయన పొరబడ్డాడు" అని అన్నాను. ఆమె నమ్మకం నా మీద పెరగలేదు, ఇద్దరి మీదా తగ్గింది.

చివరికి, "మొగ్గం మీద ఈ చీర ఉండాది సార్. ఇది కోసి ఇచ్చినంక చూస్తాం" అన్నది.

మన వైపు ‘చూస్తాం’ అంటే ‘మేం రాం’ అని అర్థం. ఆ సంగతి తెలిసి కూడా నేను టీ తాగి, గ్లాసు కింద పెట్టి లేచాను. తాగకపోతే వాళ్ళు బాధపడతారు.

నేను టీకి శత్రువును కాను

మధ్యలో నా అభిప్రాయాలు కొన్ని చెప్పి మళ్ళీ ఆమె దగ్గరికి వస్తాను.

టీ విషమని నేననను. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరి తీసుకోవడం మరిచిపోయే పసిగుడ్డులకు మేం ఇచ్చే మందు ఈ కెఫీనే. ఆ చుక్కలు పడ్డాక పిల్ల రొమ్ము ఎగరడం చూసినవాడు దాన్ని తిట్టలేడు. థియేటర్లో కేసుకూ కేసుకూ మధ్య నన్ను నిలబెట్టిందీ అదే. రోజుకు రెండు మూడు గ్లాసులు తాగేవాళ్ళను పట్టుకొని భయపెట్టే డాక్టర్లంటే నాకు గౌరవం లేదు.

కానీ మన కరువు సీమలో టీ పానీయంగా ఉండిపోలేదు. అన్నం చేయాల్సిన పని చేస్తోంది, నిద్ర చేయాల్సిన పనీ చేస్తోంది. ఆకలిని చంపుతుంది కానీ ఒంటికి ఏమీ ఇవ్వదు. అన్నంతోపాటు తాగితే తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, అసలే రక్తం తక్కువైన ఆడవాళ్ళకు ఇంకా తక్కువవుతుంది. గుండె దడ దడ అంటుంటే భయం పట్టిందని తాయెత్తు కట్టించుకున్నవాళ్ళను చూశాను. రాత్రి నిద్ర పట్టక మాత్ర, పొద్దున మాత్ర మత్తు దిగడానికి టీ, ఆ టీ వల్ల రాత్రి మళ్ళీ మాత్ర. ఇట్లా ఏళ్ళు గడిపినవాళ్ళు చాలామంది. షుగర్ ఉన్నవాళ్ళకు ప్రతి గ్లాసులోనూ చక్కెర అదనం. ఇన్ని జబ్బుల్లోనూ టీ ఉంటుంది, ఏ జబ్బు చీటీలోనూ టీ పేరు ఉండదు.

ఇంకో మాట. మానేయమని ఒక్కసారిగా చెప్పకండి. చెప్పడం సులభం, చెప్పి మన గదిలోకి మనం పోతాం, నొప్పి వాళ్ళది. రోజుకు ఒక గ్లాసు చొప్పున తగ్గించుకుంటూ రమ్మనండి. ఆపరేషన్ ఉన్నవాళ్ళకు సర్జన్‌తో మాట్లాడి, పొద్దున్నే పాలు కలపని డికాక్షన్ కొంచెం ఇప్పించే వీలుందేమో చూడండి. ఆపరేషన్ తర్వాత వాళ్ళు తాగగలిగిన మొదటి గ్లాసు టీయే అయితే మీ మర్యాదకేమీ లోటు రాదు. మా ఆస్పత్రిలో పస్తుల పద్ధతి మార్చమని నేను చాలాసార్లు చెప్పాను. సూపరింటెండెంటు తల ఊపేవాడు, పద్ధతి అట్లాగే ఉండేది.

రెండోసారి

చీర కోసి ఇచ్చారు. ఆ తర్వాత ఇంకో చీర మగ్గమెక్కి ఉంటుంది. ఎండలు ముదిరాక ఒకరోజు ఓబులేసు ఆమెను ఆటోలో తెచ్చాడు. కట్టు విప్పక ముందే వాసన తెలిసింది. పాదమంతా నల్లబడి, చీలమండ పైదాకా వాపు ఎక్కింది. సూపరింటెండెంటు చూసి తేల్చేశాడు. మోకాలి కింది నుంచి కాలు తీసేయాలి, లేకపోతే మనిషే పోతుంది.

సుబ్బరత్నమ్మ ఈసారి దేనికీ అడ్డు చెప్పలేదు. "టీ ఇప్పిస్తానంటివే సార్" అని మాత్రం అడిగింది. ఆమెను మొదటి వంతులో పెట్టమని సూపరింటెండెంటును బతిమాలాను. తెల్లవారుతూనే నా ఎదురుగానే చక్కెర లేని డికాక్షన్ కొంచెం తాగించాను. ఒక్కో గుక్కా మింగి మొహం చిట్లించింది. పాలు, చక్కెర లేని టీ ఆమె తాగడం అదే మొదటిసారి. తర్వాత అదే బల్ల మీద, అదే చోట, అదే సూది వేశాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆమె తల దగ్గర కూర్చున్నాను. రంపం చప్పుడు వినపడకూడదని ఏవేవో మాట్లాడాను, మగ్గం గురించి మాత్రం మాట్లాడలేదు. సాయంత్రం వార్డులో ఆమెకు టీ ఇవ్వమని చీటీలో రాసి సంతకం పెట్టాను. నర్సమ్మ ఆ చీటీని రెండుసార్లు చదివింది.

మరుసటి రోజు, ఆ మరుసటి రోజు కూడా వెళ్ళి చూశాను. తలనొప్పి రాలేదు. నేను చెప్పిందంతా నిజమైంది. ఒక డాక్టరు తాను చెప్పింది నిజమైనందుకు అంత దిగులు పడడం ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు. వాళ్ళ వీధిలో ఆ తర్వాత చాలాకాలం ఆడవాళ్ళు వెన్నుసూదికి ఒప్పుకోలేదు. మొదటిసారి వచ్చిన తలనొప్పి గురించి అందరికీ తెలుసు. రెండోసారి రాలేదన్న సంగతి ఎవరూ చెప్పుకోలేదు. కాలు పోయిన ఇంట్లో తలనొప్పి రాలేదని ఎవరు చెప్పుకుంటారు?

మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి ఓబులేసు ఫ్లాస్కులోంచి టీ పోసి ఆమె చేతికి ఇస్తున్నాడు. ఆమె గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. దుప్పటి ఒక వైపు చదునుగా ఉంది.

"తల నొయ్యల్యా సార్" అన్నది. "నువ్వు చెప్పిందే నిజం."

నేను నాడి చూసే నెపంతో ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఆ పొద్దు, మొదట వచ్చినప్పుడు, నాకు ఇంత టీ పోసింటే నేను ఈన్నే ఉందును గదా సార్? ఏలు తీపిచ్చుకొని పోదును గదా?"

ఓబులేసు నా మొహం చూడకుండా ఫ్లాస్కు మూత బిగిస్తున్నాడు. ఏవేవో చెప్పవచ్చు. షుగర్ జబ్బు అట్లాంటిది, అప్పటికే ముదిరింది, దేవుడి దయ అని ఏదో ఒకటి. అట్లాంటి మాటలు మా దగ్గర చాలా ఉంటాయి.

"అవునమ్మా" అన్నాను.

ఆమె తల ఊపింది. చేతిలో గ్లాసును కాసేపు చూసి కిటికీ గట్టు మీద పెట్టింది. నేను వార్డు ముగించుకొని తిరిగి అటుగా వచ్చినప్పుడు కూడా ఆ టీ అట్లాగే ఉంది, పైన మీగడ కట్టింది.